బోటు ఇంజన్ రూమ్‌కి ‘మెరైన్’ ఫ్లోరింగ్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. మొన్న రాత్రి ట్రిప్పు మధ్యలో వదిలేసి హార్బర్‌కి తిరిగొచ్చాం. ఐస్, డీజిల్, రేషన్ డబ్బులన్నీ నీళ్లపాలు. వలలు బాగున్నాయి, ఇంజన్ బాగుంది, వాతావరణం బాగుంది. మమ్మల్ని వెనక్కి తెచ్చింది కాళ్ల కింద వేసిన చెక్క!

షాపు పేరు రాయను. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటున్నవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ జెట్టీ మీద కార్డులు పంచుతూ ‘మనదంతా మెరైన్ గ్రేడే అన్నా’, అంటే సముద్రపు నీటికి తట్టుకునే రకమే అని తిరిగిన మనిషే.

పాత పలకలు ఆయిల్ పీల్చి నల్లబడిపోయాయి, ఎలాగూ బోటు రిపేరులో ఉందని మార్చేద్దామనుకున్నాం. మా డ్రైవర్ అల్యూమినియం చెక్కర్డ్ ప్లేట్ (కాలు జారకుండా పైన గీతలు లేచి ఉండే రేకు) వేయమని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను వింటేనా? షాపాయన ‘ప్లేట్ వేస్తే వైబ్రేషన్‌కి చెవులు పోతాయన్నా, మెరైన్ ప్లైవుడ్ మీద నైట్రైల్ రబ్బరు మ్యాట్ అంటించేద్దాం, డీజిల్ బకెట్టుతో పోసినా చెక్కుచెదరదు’ అన్నాడు. టీ తెప్పించాడు. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన 710 నంబరు చూపించాడు. మెరైన్ ప్లైకి ఉండేది ఆ నంబరే, అంతవరకు నిజమే. ‘కటింగ్ ఫ్రీ అన్నా, సైజులివ్వండి చాలు’ అన్నాడు. నేను పడిపోయింది ఆ ఫ్రీ దగ్గరే. కోసి, మ్యాట్ అంటించి, అంచులకి నల్ల పెయింటు వేసి పంపిన ముక్కల్లో ఏ షీటు కోశాడో ఎవడికి తెలుసు? ముద్ర ఉన్న షీటు షాపులోనే ఉండిపోయింది, బహుశా తర్వాతి గొర్రె కోసం.

31,500 ఇచ్చాను. ఫోన్‌పే చేశాను, షాపు ఖాతాకి కాదు, ఆయన సొంత నంబరుకి. బిల్లు అడిగితే చిన్న చీటీ రాసిచ్చాడు. పదహారేళ్లుగా బోటు నడుపుతున్న నేను, కూరగాయల లెక్కలాంటి ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాలుగో రోజుకి మొదలైంది. ఫిల్టర్ కింద చుక్క చుక్కగా డీజిల్ పడే చోట మ్యాట్ ఉబ్బి, పాకంలా మెత్తబడింది. చుక్క డీజిల్ పడని ఇంజన్ రూమ్ ఉంటే చెప్పండి, వచ్చి దండం పెడతాను. అంచులు అప్పడాల్లా పైకి లేచాయి. ఫిల్టర్ చూద్దామని దిగిన కలాసీ కుర్రాడు దానిమీద జారి, పడిపోకుండా సైలెన్సర్ పైపు పట్టుకున్నాడు. అరచెయ్యి మొత్తం బొబ్బలెక్కింది. పెళ్లయి మూడు నెలలే ఆ అబ్బాయికి.

అది చాలదన్నట్టు బోటు అడుగున చేరిన నీళ్లు బయటికి తోడే బిల్జి పంపు లాగడం మానేసింది. మ్యాట్ కింది వైపు పొడిపొడిగా రాలి, ఆ నల్ల ముక్కలన్నీ అడుక్కి చేరి పంపు జల్లెడని మూసేశాయి. జల్లెడ తియ్యాలంటే పలక ఎత్తాలి. పలక ఎలా ఎత్తుతాం? రెండు పలకల మీద కలిపి ఒకే మ్యాట్ అంటించాడు మహానుభావుడు! పైగా ప్లైవుడ్ నీళ్లు పీల్చి ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది. రాత్రి పదకొండింటికి టార్చి నోట్లో పెట్టుకుని మా డ్రైవర్ కత్తితో మ్యాట్ కోసి, గడ్డపారతో పలక లేపాడు. అప్పటికే నీళ్లు ఇంజన్ ఫ్లైవీల్‌కి (ఇంజన్‌తో పాటు తిరిగే బరువు చక్రం) జానెడు దూరందాకా పెరిగిపోయాయి. ‘నేను చెప్పాను కదా’ అని ఒక్క మాట అనలేదు ఆ మనిషి. అని ఉంటే బాగుండేది.

ఇక నిన్న షాపులో జరిగింది వినండి. ఉబ్బిన ప్లైవుడ్ ముక్క పట్టుకెళ్లాను. పొరలు పొరలుగా విడిపోతోంది, చేత్తో పీకితే మడతకాజాలా వస్తోంది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తి ఒకసారి చూసి ‘తడిపేశారు కదన్నా’ అన్నాడు.

నవ్వాను. నిజంగా జోకనుకున్నాను.

‘ప్లైవుడ్‌కి నీళ్లు తగిలితే వారంటీ ఉండదు’ అన్నాడు.

‘బాబూ, బోటు సముద్రంలో ఉంటుంది’ అన్నాను.

‘సముద్రం బయటుంటుంది. ఇది లోపలేసేది’ అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో ఏ మార్పూ లేదు. మరి మ్యాట్ సంగతేంటంటే ‘మీ ఇంజన్ లీకయితే నా మ్యాటేం చేస్తుంది?’ అన్నాడు. డీజిల్ బకెట్టుతో పోయమన్న నోరే అది. నేను గొంతు పెంచాను. అప్పుడు నా చేతిలో చీటీ లాక్కుని, షాపులో ఉన్న మరో ఇద్దరికి వినబడేలా ‘రబ్బరు మ్యాట్, ప్లై’ అని చదివి, ‘మెరైన్ అని ఎక్కడుంది? నువ్వే చదువు’ అన్నాడు. టీ తాగించినప్పుడు అన్నా, మీరు. డబ్బులు ముట్టాక నువ్వు. చీటీలో నిజంగానే ఆ మాట లేదు. నైట్రైల్ అనీ లేదు. చదువుకున్నవాణ్ని, చదవకుండా జేబులో పెట్టుకున్నాను.

2023 నవంబర్ 19 రాత్రి మన హార్బర్‌లో బోట్లు వరసగా తగలబడటం చూసినవాళ్లమే అందరం. డీజిల్ పీల్చిన మ్యాట్‌ని వేడి ఇంజన్ పక్కన పరుచుకుని నాలుగు రోజులు దానిమీదే తిరిగామని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

చెయ్యగలిగింది చేశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, కానీ చేతిలో సరైన బిల్లు లేదు. కాబట్టి మీరు బిల్లు మీద సరుకు గ్రేడు రాయించుకోండి. ప్లైవుడ్ అయితే ముద్ర ఉన్న పూర్తి షీటు తెచ్చుకుని మన వడ్రంగితోనే కోయించండి. మేం ఇప్పుడు చెక్కర్డ్ ప్లేటే ఆర్డర్ ఇచ్చాం, ఒక్కడు సులువుగా ఎత్తగలిగే చిన్న ముక్కలుగా. తగలబడదు, నూనె పీల్చదు. మోత తగ్గడానికి చట్రం మీద సన్నటి రబ్బరు పట్టీ వేస్తే సరిపోతుందట, ఇంత చిన్న విషయానికి నా చెవుల గురించి ఎంత బెంగపడ్డాడో! అల్యూమినియంకి మామూలు ఇనప స్క్రూలు మాత్రం బిగించకండి, ఉప్పునీళ్లలో రెండూ కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఫైబర్ గ్రేటింగ్ (జాలీలా కన్నాలుండే పలక) కూడా మంచిదే, నూనె కాలి కింద నిలవదు, కాకపోతే నిప్పు అంటుకోని రకమే అడగండి. చేతిలోంచి నట్టు జారితే నేరుగా అడుక్కే పోతుంది, అదొక్కటే గోల.

రబ్బరు మ్యాటే కావాలంటే కొనేముందు చిన్న ముక్క అడిగి ఒక రాత్రి డీజిల్‌లో వేసి చూడండి. నేను మిగిలిన ముక్క ఒకటి నిన్న సాయంత్రం ఊరగాయ సీసాలో వేశాను. వేసేటప్పుడు మూతిలోంచి సులువుగా దిగింది. పొద్దున తీద్దామంటే రావడం లేదు. సీసా బోటు కేబిన్‌లోనే ఉంది, నమ్మనివాళ్లు జెట్టీకొచ్చి చూసుకోవచ్చు.