వింత పేర్ల ఫైళ్లకు ఏ షెల్ మంచిది? బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్ వాడాక నా సమీక్ష

విశాఖ ద్వారకానగర్‌లో మాది ప్రింటింగ్ షాపు. కస్టమర్లు ‘శుభలేఖ (2) ఫైనల్’, ‘ఆర్&బీ బిల్లు’, ‘చందనోత్సవం ఫ్లెక్సీ!’ లాంటి పేర్లతో ఫైళ్లు పంపుతారు. వాటిని సర్దే పనంతా నేను లినక్స్ టెర్మినల్‌లోనే చేస్తాను. టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామే షెల్. ఈ మూడు షెల్‌లూ ఏళ్ల తరబడి వాడాను. రంగులూ థీమ్‌లూ తర్వాత, పేరు కొంచెం కొట్టి ట్యాబ్ నొక్కితే షెల్ మిగతాది ఎంత భద్రంగా పూర్తిచేస్తుందో అదే ముందు చూడాలంటాను.

‘ఆర్&బీ బిల్లు’ని తీసేయడానికి ఆర్ఎం (rm) కమాండ్ పక్కన ఆ పేరు చేత్తో కొట్టారనుకోండి. బ్యాష్ & దగ్గర కమాండ్‌ని రెండుగా విడదీస్తుంది. ‘ఆర్’ అనే ఫైలు ఉంటే పోయేది అదే! ‘బీ’ని ఇంకో కమాండ్ అనుకుంటుంది. మొదటి అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే ఈ టెన్షన్ ఉండదు. స్పేస్, బ్రాకెట్, &, $ అన్నిటి ముందూ బ్యాష్ తనే బ్యాక్‌స్లాష్ (\) పెడుతుంది, అప్పుడు వాటిని పేరులో భాగంగానే చూస్తుంది. డబుల్ కోట్ తెరిచి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తిచేసి కోట్ కూడా మూసేస్తుంది. నాకు ఈ పద్ధతే ఇష్టం, పేరు కంటికి శుభ్రంగా కనబడుతుంది.

ట్యాబ్ విలువ బాగా తెలిసేది మ్యాక్ స్క్రీన్‌షాట్లతో. కొత్త మ్యాక్‌ఓఎస్‌లో స్క్రీన్‌షాట్ పేరులో వచ్చే టైమ్ దగ్గర ఏఎం, పీఎం ముందు ఉండేది మామూలు స్పేస్ కాదు, యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతిలో) 202ఎఫ్ అనే సన్నటి స్పేస్. చూపుకి తేడా తెలియదు. స్పేస్‌బార్‌తో పేరు రాస్తే అలాంటి ఫైలే లేదంటుంది. ట్యాబ్ మాత్రం డిస్క్‌లో ఉన్న పేరును ఉన్నదున్నట్టు తెస్తుంది.

తెలుగు పేర్లకు మూడూ బాగానే పనిచేస్తాయి, లొకేల్ (సిస్టమ్‌లో భాష, అక్షరాల సెట్టింగు) యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను రాసుకునే పద్ధతి) అయితే. సర్వర్‌లో లొకేల్ ‘సి’గా ఉంటే బ్యాష్ మన అక్షరాలకు బదులు \340\260 లాంటి అంకెలు చూపిస్తుంది. ఒత్తుల దగ్గర కర్సర్ పక్కకి జరగడం మాత్రం చాలాసార్లు టెర్మినల్ లోపమే, షెల్‌ని తప్పుపట్టలేం.

ఫిష్‌లో పేరు మధ్యలోని ముక్క కొట్టినా ఫైలు దొరుకుతుంది. పొడవాటి పేర్లకు అది ఎంతో హాయి. జెడ్‌షెల్‌లోనూ ఆ సౌకర్యం వస్తుంది, కాకపోతే సెట్టింగులు మనమే రాసుకోవాలి.

బ్యాష్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. పేరు - తో మొదలైతే ట్యాబ్ దాన్ని అలాగే పెడుతుంది, కమాండేమో దాన్ని ఆప్షన్ (తనకిచ్చిన సూచన) అనుకుంటుంది. అందుకే ముందు ./ (‘ఈ ఫోల్డర్‌లోనిది’ అని అర్థం) కొట్టి, ఆపైన ట్యాబ్ నొక్కుతాను.

ఇంట్లో ఫిష్ వాడతాను. షాపులో కొత్తగా చేరినవాళ్లకి మాత్రం బ్యాష్‌తోనే నేర్పిస్తాను, మేం పనిచేసే సర్వర్లలో ఉండేది అదే.