గ్రీన్ కార్డు, ఓసీఐ: కేసు పడితే ఏది ముందు పోతుంది?

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగిళ్లలో పెద్దోడికి గ్రీన్ కార్డు, చిన్నోడికి ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు భారత్ ఇచ్చే కార్డు) ఉండటం మామూలే. అమెరికాలో ఒకణ్ణి గాయపరిచే దాడి కేసులో ఏడాది శిక్ష పడితే అది ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ కావచ్చు, అంటే గ్రీన్ కార్డు పోయి దేశం నుంచి పంపేసేంత (డిపోర్టేషన్) తీవ్ర నేరం. జడ్జి శిక్షను సస్పెండ్ చేసి ఇంటికి పంపినా ఆ ఏడాది లెక్కలోకే వస్తుంది. 364 రోజులే వేస్తే ఆ ముద్ర పడదు. అందుకే ‘జైలు లేదుగా, నేరం ఒప్పేసుకో’ అని ఎవరన్నా సరే, ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగాలి. ముద్ర పడ్డాక, పిల్లలు అక్కడే పుట్టినా డిపోర్టేషన్ ఆపడం చాలా కష్టం.

అదే ఓసీఐ రద్దు కావాలంటే రెండేళ్ల శిక్ష పడాలి. మెత్తగా ఉందనుకుంటున్నారా? 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో, ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరంలో చార్జిషీటు వేసినా కార్డు రద్దు చేయొచ్చు. తీర్పు దాకా ఆగక్కర్లేదు! నాకైతే దీంతోనే టెన్షన్ ఎక్కువ. రద్దు చేసేముందు మన వాదన వినాలని మాత్రం చట్టంలో ఉంది.