వోల్వో వీ60 ముందు సీటు: నా జడకూ దానికీ పడదు

మైలేజీ, ఇంజిన్, డిక్కీ గురించి చాలామంది రాశారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2015 వీ60 కారు గురించి నా గొడవంతా ముందు సీటు హెడ్‌రెస్ట్‌తోనే. తలను ముందుకు నెడుతుంది. ఎత్తు మార్చలేం, ఊడదీసి తిప్పి పెట్టుకోలేం. నాది ఐదడుగుల ఒక అంగుళం, పైగా ఒత్తు జుట్టు. ముడి వేసుకుని కూర్చుంటే గడ్డం గుండెకు ఆనుతుంది. మా ఆయనకు ఈ బాధ లేదు. మనిషి పొడుగు, జుట్టు అంతంత మాత్రం.

కిందటి చలికాలం టింగ్‌స్టాడ్ టన్నెల్ ముందు, ఈ6 హైవే మీద ట్రాఫిక్ ఆగింది. నేనూ ఆగాను. వెనక వ్యాన్ ఆగలేదు. వీపు సీటులోకి కూరుకుపోయింది, సీటు కూడా నాతోపాటు వెనక్కి జరిగింది. విరిగిందనే అనుకున్నాను. తీరా చూస్తే అది చేయాల్సిన పనే అదట.

వోల్వో వాళ్లు దీన్ని విప్స్ అంటారు, 1998లో ఎస్80 కారుతో మొదలుపెట్టారు. వెనక నుంచి గుద్దితే మామూలు సీటు మన వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ తేడా మెడ మీద పడుతుంది. విప్స్ సీటులో వీపు ఆనే భాగం మొదట మనతోపాటు వెనక్కి జరిగి, తర్వాత వాలుతుంది. ఆ కదలికలో లోపలి లోహపు ముక్క ఒకటి వంగి దెబ్బను తాను తీసుకుంటుంది. తల వెనక జానెడు ఖాళీ ఉంటే ఇదంతా దండగ, అందుకే హెడ్‌రెస్ట్ అంత ముందుకు ఉంటుంది. సాబ్ వాళ్లు 1997లోనే ఇంకో దారి పట్టారు: గుద్దినప్పుడు వీపు ఒత్తిడికి హెడ్‌రెస్టే పైకీ ముందుకీ వస్తుంది. నా జడకు అదే నయం, కానీ ఆ కంపెనీ ఇప్పుడు కార్లు చేయడం లేదు.

నాకు రెండు మూడు రోజులు మెడ పట్టేసింది, అంతే. అదంతా సీటు పుణ్యమేనని ఒట్టేసి చెప్పలేను. వ్యాన్ అతను ఆఖరి క్షణంలో బ్రేక్ వేశాడు కూడా.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. వర్క్‌షాప్ వాళ్లు బంపర్ మార్చి, సీటు బాగానే ఉందని కారు చేతికిచ్చారు. చూడ్డానికి నిజంగానే బాగుంది. మాన్యువల్‌లో మాత్రం, గట్టిగా గుద్దుకున్నాక సీటు పైకి మామూలుగా కనిపించినా రక్షణ కొంత పోయి ఉండొచ్చు, చెక్ చేయించండి అని ఉంది. ఆ పేజీ ఫొటో పంపితే గానీ సీటు విప్పలేదు. విప్పితే ముక్క వంగి ఉంది! దాని డబ్బుల కోసం ఇన్సూరెన్స్‌తో మళ్లీ మెయిళ్లు. పాత వోల్వో కొనేవాళ్లు, ఇంతకుముందు ఎవరైనా వెనక నుంచి గుద్దారా, సీటు చూపించారా అని అడిగి తీరాలి.

ఇంకో సంగతి, విప్స్ ముందు సీట్లకే. వెనక హెడ్‌రెస్ట్‌లు బటన్ నొక్కితే పడిపోతాయి. అద్దంలో బాగా కనిపించాలని మా ఆయన అస్తమానం పడేస్తాడు, అత్తయ్య ఎక్కితే లేపడం నా డ్యూటీ. ముందు సీటు వెనక గట్టి సామాను ఇరికించకూడదు కూడా, సీటు కదలడానికి చోటుండాలి. మా పచారీ డబ్బాలు ఇప్పుడు డిక్కీలోకే.

వెనక నుంచి గుద్దే ప్రమాదాల్లో మెడ దెబ్బలు ఆడవాళ్లకే ఎక్కువ. కానీ ఇలాంటి సీట్ల పరీక్షకు మనిషి బదులు కూర్చోబెట్టే బయోరిడ్ బొమ్మ సగటు మగవాడి కొలతలది, దాని తయారీలో ఈ ఊరి చామర్స్ యూనివర్సిటీదీ చేయి ఉంది. ఆడవాళ్ల కొలతల బొమ్మను స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో బయటపెట్టింది. దానికీ జడ లేదనుకోండి.

సీటు కొంచెం వాలిస్తే మెడకు హాయిగా ఉంటుంది, కానీ తల వెనక ఖాళీ పెరుగుతుంది. అందుకని నిటారుగానే ఉంచి, జడ ముందుకు వేసుకుని నడుపుతున్నాను. ఆఫీసు దూరానికి సరిపోతుంది. పొడుగైనవాళ్లకు అసలు సమస్యే ఉండకపోవచ్చు. నా ఎత్తువాళ్లు మాత్రం కొనేముందు కనీసం గంటసేపు నడిపి చూడండి, షోరూమ్‌లో ఐదు నిమిషాలు కూర్చుంటే తెలియదు. స్టాక్‌హోమ్ దాకా అంటే నేను సగం దారిలోనే స్టీరింగ్ ఆయనకిచ్చేస్తాను.