4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో కార్వెట్ సర్వో: 40 వేల మైళ్ల తర్వాత

జీఎం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 4ఎల్60ఈ ఉన్న సిల్వరాడో, టాహో లాంటి షెవర్లే బండ్లలో 1, 3 గేర్లు బాగానే పట్టి, 2, 4లో మాత్రం ఇంజను అరుస్తూ బండి లాగకపోతే ముందు అనుమానించాల్సింది 2-4 బ్యాండ్‌నీ (లోపల తిరిగే డ్రమ్ము చుట్టూ ఉండే పట్టీ), ఆయిల్ ప్రెషర్‌తో దాన్ని డ్రమ్ముకు బిగించే పిస్టన్ల జట్టు సర్వోనీ. ఆ రెండు గేర్లకూ ఉన్నది ఈ ఒక్క బ్యాండే.

కార్వెట్ కారు గేర్‌బాక్స్ కోసం చేసిన సర్వోనే కార్వెట్ సర్వో అంటారు, కొత్త యంత్రమేమీ కాదు. రెండో గేరు పిస్టన్ పెద్దది, అంతే. ప్రెషర్ పాతదే అయినా వైశాల్యం పెరగడంతో బ్యాండ్ గట్టిగా బిగుస్తుంది. ఇది వేశాక మూడేళ్లు నడిచినా 1-2 మార్పు తొలిరోజంత చురుగ్గా ఉంది, ట్రెయిలర్ తగిలించినా జారలేదు. చలికాలం పొద్దున మొదటి మైలులో మాత్రం చిన్నగా తంతుంది. వెనక సీట్లో పెద్దవాళ్లుంటే ఏమైందని అడిగి తీరతారు. ఐదుకు నాలుగు ఇస్తాను.

గేర్‌బాక్స్ దించక్కర్లేదు. ప్యాసింజర్ వైపు, అంటే ఈ బండ్లలో కుడిపక్క, ఆయిల్ పాన్‌కు పైన గుండ్రటి కవరు ఉంటుంది. ఇంజను చల్లారాక చుట్టూ బ్రేక్ క్లీనర్‌తో కడిగి, కవరును లోపలికి నొక్కిపట్టి, దాన్ని ఆపే ఉక్కు రింగు సర్‌క్లిప్‌ను లేపాలి. కవరు లాగగానే ఆయిల్ కారుతుంది, కింద ట్రే ఉండాలి. పిస్టన్లు, బ్యాండ్‌ను నెట్టే పిన్ను, రిటర్న్ స్ప్రింగు వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి.

ఈ పనిలో ఎక్కువమందిని ముంచేది పిస్టన్ కాదు, కవరు చుట్టూ ఆయిల్ కారకుండా ఉండే రబ్బరు ఓరింగు. సర్‌క్లిప్ కూర్చునే గాడి అంచు కత్తిలా ఉంటుంది. ఓరింగు దాన్ని దాటేటప్పుడు నల్లదారం లాంటి పోగు ఒకటి తెగి గాడిలో వేలాడుతుంది. ఆ దారం కనిపించిందా, ఓరింగు పనైపోయినట్టే. లోపల గుడ్డ కుక్కి, ఆ అంచును సన్నటి ఎమెరీతో నున్నగా చేసి, వ్యాసెలిన్ పూసి, కవరును తిప్పుతూ చేత్తోనే నొక్కాలి. సుత్తి ముట్టుకోవద్దు.

పిన్నును కేసు రంధ్రంలో పెట్టి ఊపి చూడండి. లూజుగా ఆడితే కొత్త టెఫ్లాన్ రింగులు కూడా ప్రెషర్ ఆపలేవు, రంధ్రమే బాగుచేయించాలి. బ్యాండ్ పాతదైతే పిన్ను కూడా పాత పొడవుదే వేయాలి. పొట్టిదైతే బ్యాండ్ సరిగా బిగియదు. పొడవుదైతే పూర్తిగా వదలక మూడో గేరులో రాసుకుని మాడిపోతుంది.

పాన్‌లో నల్లటి పొడి, ఆయిల్‌లో మాడు వాసన ఉంటే మాత్రం ఈ సర్వో కొనడం దండగ. కాలిన బ్యాండ్‌ను ఎంత పెద్ద పిస్టన్ నొక్కినా పట్టు రాదు.

బిగించాక సర్‌క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. కారినంత డెక్స్‌రాన్ గేర్‌బాక్స్ ఆయిల్ పోసి, ఆయిల్ వేడెక్కాక పార్క్‌లో ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్ చూసుకోండి. మర్నాడు కవరు చుట్టూ తెల్లకాగితం అద్దితే చెమ్మ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.