మూడో ఆపరేషన్ తర్వాత: దారం, టబ్బు, గుండ్రటి దిండు

రెండుసార్లు కోసినా మళ్లీ వచ్చిన ఫిస్టులాకి మూడో ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు దాటింది. ఫిస్టులా అంటే మలద్వారం లోపలి నుంచి పక్కన చర్మం దాకా పడే సన్నటి చీము దారి. ఈ జబ్బు గురించి ఎవరూ పైకి చెప్పుకోరు. మా అన్నయ్యకి కూడా నేను పైల్స్ అనే చెప్పాను. అందుకే నేను వాడినవాటి సంగతి ఇక్కడ రాస్తున్నా.

మొదటిసారి చీముగడ్డ కోసి పంపేశారు. నాలుగు నెలలకి అదే చోట సూదిమొనంత రంధ్రం, బట్టలకి పసుపు మరక. రెండోసారి కోసినప్పుడు "ఇక రాదు" అన్నారు. ఎనిమిది నెలలకి వచ్చింది. మూడో డాక్టరుగారు కత్తి పట్టకముందే ఎంఆర్ఐ తీయించి, స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. ఒక దారి కాదు, పక్కకి ఇంకో కొమ్మ ఉంది. లోపలి ద్వారం దొరక్కుండా పైపైన ఎన్నిసార్లు మాన్పినా మళ్లీ వస్తుందని అప్పుడు తెలిసింది. పైగా నా దారి మలద్వారం బిగింపు కండరం గుండా పోతోంది. మొత్తం కోస్తే మోషన్ మీద పట్టు పోవచ్చు.

అందుకని సీటన్ వేశారు. దారి గుండా పోనిచ్చి బయట వదులుగా ముడివేసే మెత్తటి దారం అది. ఐదు నెలలు ఉంది. ముడి ఒక పక్కకి వచ్చేలా సర్దుకుని కూర్చోవడం అలవాటయ్యాక బస్సు కూడా ఎక్కాను. చీము నిలవకుండా కారనివ్వడమే దాని పని. అది తెలియక, కారుతోందేమిటని మొదటి నెలంతా టెన్షన్ పడ్డాను. ఆయుర్వేదంలో వేసే క్షారసూత్రం వేరు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూసిన ఆ దారాన్ని వారం వారం మారుస్తారు, అది మెల్లగా కోసుకుంటూ వస్తుంది. మా ఆఫీసులో ఒకాయనకి దానితోనే తగ్గింది.

సీటన్ తర్వాత నాకు చేసింది లిఫ్ట్ అనే ఆపరేషన్. రెండు కండరాల మధ్య దారిని పట్టుకుని ముడివేసి కత్తిరిస్తారు, కండరం జోలికి పోరు. అందరికీ నిలవదని డాక్టరుగారు ముందే చెప్పారు. నాకు ఇప్పటిదాకా నిలిచింది.

ఇక టబ్బు. కమోడ్ మీద పెట్టుకునే ప్లాస్టిక్‌ది, రెండేళ్లుగా వాడుతున్నా. పొద్దున అయిదింటికే, ఇంట్లోవాళ్లు లేవకముందు నీళ్లు కాచుకుని, పసిపిల్లలకి చూసినట్టు మోచేత్తో వేడి చూసి, పది నిమిషాలు కూర్చుంటా. ఆ పది నిమిషాల్లో కింద బిగుసుకున్నదంతా వదులవుతుంది. కూర్చోగానే నీళ్లు పొర్లి నేలంతా తడుస్తుంది, కాబట్టి సగమే పోయాలి. ఉప్పు, డెట్టాల్ ఏమీ వద్దన్నారు. ఒకసారి డెట్టాల్ వేసి చూశాను. ఆ మంట పగవాడికి కూడా వద్దు.

ఇసబ్‌గోల్ రాత్రి రెండు చెంచాలు. నీళ్లు తక్కువ తాగితే అదే గడ్డకట్టి ఏడిపిస్తుంది.

గాజుగుడ్డ జారిపోతుంటే మా ఆవిడే "నా ప్యాడ్ పెట్టుకో" అంది. మెడికల్ షాపులో సొంతానికి ప్యాడ్లు కొనడానికి మొదట్లో సిగ్గేసింది. కుర్రాడు నల్ల కవర్లో చుట్టి ఇచ్చి, "మేడమ్‌కి ఎక్స్‌ఎల్ సరిపోతుందా సార్?" అన్నాడు. సరిపోతుందన్నాను.

మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి దిండు మాత్రం డబ్బు దండగ. కూర్చుంటే బరువంతా చుట్టూ పడి, మధ్యలో ఉన్న గాయం కిందికి లాగుతుంది. డాక్టరుగారు చూడగానే తీసెయ్యమన్నారు. మామూలు మెత్తటి దిండే నయం. ఆ గుండ్రటిదాన్ని ఇప్పుడు మా అమ్మ వంటింట్లో బిందె కింద చుట్టకుదురుగా వాడుకుంటోంది, ఆ పనికి బాగానే ఉందట.