ఉప్పా, పటికా, వెలిగారమా? బెజవాడ తేమలో చిన్న ప్రాణి చర్మం నిలవాలంటే ఏది మేలు?

చనిపోయిన చిన్న ప్రాణి చర్మాన్ని ఒలిచి, కుళ్లకుండా ఆరబెట్టి, లోపల కొత్త దేహాన్ని అమర్చి, బతికున్నప్పటి భంగిమలో నిలబెట్టే పనిని టాక్సిడెర్మీ అంటారు. ఇంట్లో ఈ పనికి దిగినవారు మొదట కత్తి గురించి, కళ్ల గురించి ఆలోచిస్తారు గాని, ఆరు నెలల తర్వాత ఆ బొమ్మ అలమారలో ఉంటుందా, చెత్తకుండీలో ఉంటుందా అన్నది చర్మం లోపలివైపు రాసిన పొడిని బట్టి తేలుతుంది. ఆ పొడి మన బజారులో దొరికేదే కావాలంటే లెక్కకు వచ్చేవి మూడు: ఉప్పు, పటిక, వెలిగారం. మూడింటినీ వేర్వేరు కాలాల్లో వాడి చూసిన మీదట నేను వెలిగారం వైపు మొగ్గాను. కృష్ణ ఒడ్డున కాక అనంతపురంలో ఉండి ఉంటే బహుశా ఇంత గట్టిగా మొగ్గేవాడిని కాను.

పొడి కన్నా ముందు ప్రాణి సంగతి తేల్చుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత జాబితాల్లో ఉన్న ప్రాణి చచ్చి పడి ఉన్నా సరే, అది ప్రభుత్వ ఆస్తి. దొరికినవారు 48 గంటల్లోగా పోలీసులకో అధీకృత అధికారికో తెలియజేయాలి. కాబట్టి పెరట్లో చచ్చి పడిన రామచిలుకను చూసి జాలిపడవచ్చు గాని ఇంట్లోకి తెచ్చుకోకూడదు. నెమలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి జాబితాలను మార్చింది గనుక, పాత పుస్తకాల్లో ‘దీనికి రక్షణ లేదు’ అని చదివిన మాటను నమ్ముకుని పని మొదలుపెట్టడం తెలివైన పని కాదు. నేను చేసినవన్నీ పెంపుడు ప్రాణులే: వాటంతట అవి చనిపోయిన కోడిపిల్లలు, బాతుపిల్లలు, తెల్ల ఎలుకలు, ఒకటి రెండు కుందేళ్లు. అందులోనూ ఒక షరతు ఉంది. ఒకే చోట కోళ్లు వరుసగా చనిపోతున్నప్పుడు వాటి జోలికి పోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుంటే ఈ షరతు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. మామూలుగా చనిపోయిన కోడిపిల్లకైనా చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఇక పొడి చేయవలసిన పని. చర్మంలోని నీటిని బయటికి లాగాలి. వెంట్రుక లేదా ఈక మొదలు వదులు కాకముందే చర్మాన్ని బిగించాలి. ఆరిన తర్వాత పురుగు పట్టకుండా చూడాలి. ఈ మూడింటిలో మొదటిదే అందరికీ గుర్తుంటుంది, ఉప్పు మీద అందరికీ ఉన్న నమ్మకానికి కారణం అదే.

నమ్మకం అబద్ధం కాదు. నీటిని లాగడంలో ఉప్పును మించినది మిగతా రెండింటిలో లేదు. ఆవకాయ జాడీలో ముక్కల నుంచి ఊట ఎలా దిగుతుందో, ఉప్పు పట్టించిన పచ్చి చర్మం నుంచి కూడా రాత్రికి రాత్రి అలాగే నీరు దిగుతుంది. చర్మం బరువుకు దాదాపు సమానంగా ఉప్పు పట్టించి, మర్నాడు తడిసిన ఉప్పును దులిపి, మళ్లీ కొత్త ఉప్పు రాస్తే కుందేలు చర్మం కూడా దారికి వస్తుంది. చినగంజాం ఉప్పు కొటార్లు మనకు దగ్గర గనుక రాళ్ల ఉప్పుకు కొదవ లేదు, ఖర్చూ లేదు. చిక్కంతా ఉప్పు ఆ చర్మంలోనే మిగిలిపోవడంతో వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే శుద్ధమైన ఉప్పు సైతం ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. రాళ్ల ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి గనుక అది అంతకన్నా ముందే చెమరుస్తుంది. శ్రావణ మాసంలో వంటింటి ఉప్పు జాడీ అడుగున నీరు చేరడం చూడనివారు ఉండరు. అలమారలో నిలబెట్టిన బొమ్మలోనూ జరిగేది అదే.

నా మొదటి కుందేలు ఈ పాఠం నేర్పింది. వేసవిలో ఉప్పుతోనే ఆరబెట్టి, కడగకుండా, లోపల ఇనుప బైండింగ్ తీగ పెట్టి కుట్టాను. జూన్ వరకు ముచ్చటగా ఉంది. జూలైలో వరసగా వానలు పట్టిన వారం దాని పాదాల కింద చెక్క తడిసింది, ఆగస్టుకు తెల్లని బొచ్చు మీద కాళ్ల వెంట గోధుమరంగు చారలు దిగాయి. ఉప్పు నీటికి లోపలి తీగ తుప్పుపట్టి, ఆ తుప్పు చర్మం గుండా బయటికి వచ్చింది. ఇంట్లోవాళ్లు దాన్ని ‘చెమట పట్టే కుందేలు’ అని పిలిచేవారు. పేరు నచ్చింది గాని కుందేలును పారవేయక తప్పలేదు.

పటిక వ్యవహారం వేరు. మంగలి గడ్డం గీసిన తర్వాత రాసే పటిక చర్మాన్ని పట్టి బిగించినట్టు, దిష్టికి గుమ్మానికి కట్టే ఈ తెల్లరాయి ఒలిచిన చర్మాన్ని కూడా బిగిస్తుంది. పటికలో సగం ఉప్పు కలిపిన ద్రావణంలో తోలును నానబెట్టి, తర్వాత గుడ్డు పచ్చసొన, పిండి పట్టించి మెత్తబరచడం ఎంతో పాత పద్ధతి. అలా తయారైన తోలు తెల్లగా, మెత్తగా ఉంటుంది. వెంట్రుక మొదళ్లను పట్టి ఉంచడంలో పటికకే అగ్రస్థానం ఇస్తాను. కానీ అది అసలైన తోలు శుద్ధి కాదు; నీరు బాగా తగిలితే పటిక కొట్టుకుపోయి చర్మం మళ్లీ పచ్చిదే అవుతుంది. దానికి ఆమ్ల గుణం ఉంది గనుక ఏళ్లు గడిచే కొద్దీ తోలును పెళుసు చేస్తుంది, తీగకు తుప్పూ తెస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కోడిపిల్ల వంటి పలచని చర్మానికి పొడి పటిక రాస్తే అది ఎంత వేగంగా ముడుచుకుంటుందంటే, రెక్క సర్దేలోపు భుజం బిగుసుకుపోతుంది, కనురెప్ప వెనక్కి లాగుకుపోయి పిల్ల ఏదో చూసి అదిరిపడినట్టు కనిపిస్తుంది. పెనం మీద పొంగించి దంచిన పటిక వాడితే పొడి ఒకే మాదిరిగా పరుచుకుంటుంది గాని ముడుచుకునే గుణం పోదు. కొట్టులో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: చిన్నపిల్లవాడిని పంపితే పటిక బెల్లం తెస్తాడు. చీమలకు అంతకన్నా పెద్ద విందు ఉండదు.

వెలిగారం కంసాలి సరుకు. బంగారం అతికేటప్పుడు వాడే బోరాక్స్ ఇదే. ఆయుర్వేద సరుకుల కొట్టులో టంకణం అంటే ఇస్తారు. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, గుంటూరు పట్నం బజారులోనూ దీనికోసం పెద్దగా తిరగనక్కర్లేదు. నీరు లాగడంలో ఇది ఉప్పుకు చాలా వెనక. చర్మాన్ని బిగించడంలో పటికకు వెనక. మరి దేనికి ముందు? ఇది గాలిలోని తేమను పిలిచి తెచ్చుకోదు. ఇనుముకు తుప్పు తేదు సరికదా, కొంత అడ్డుకుంటుంది కూడా. స్వల్పంగా క్షార గుణం ఉండటం వల్ల చర్మానికి అంటిన సన్నని కొవ్వును విడదీస్తుంది. ఎండిన తోలును తినే పెంకు పురుగుల పిల్లలకు, చీమలకు ఇది సరిపడదు. 40 గ్రాముల బరువుండే ఒక రోజు కోడిపిల్ల చర్మం తడి కాగితమంత పలచన. దాని నుంచి లాగవలసిన నీరే కొద్దిది, రెండు చెంచాల వెలిగారం మెత్తగా నూరి రుద్దితే చాలు. పైగా అది నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి మెడ వంపు, రెక్క మడత సర్దడానికి ఒక పూట సమయం చిక్కుతుంది. చేతికి పని కొత్త అయినప్పుడు ఆ ఒక పూట విలువ చెప్పలేనిది.

దాని లోపాలను దాచను. వెలిగారం చర్మాన్ని తోలుగా మార్చదు, పచ్చి చర్మాన్ని ఎండబెట్టి పురుగు నుంచి కాపాడుతుంది, అంతే. కొవ్వు మందంగా ఉన్నచోట అది ఓడిపోతుంది. బాతుపిల్ల తోక దగ్గరి కొవ్వును గీకి, గిన్నెలు తోమే ద్రవంతో కడిగి, మొక్కజొన్న పిండిలో దొర్లించి ఆరబెట్టకపోతే, వెలిగారం ఎంత చల్లినా కొన్నాళ్లకు ఆ కొవ్వు ముక్కిపోయిన వాసన కొట్టి ఈకలకు పసుపు మరక అంటిస్తుంది. అప్పటికే కుళ్లడం మొదలైన చర్మాన్ని అది వెనక్కి తేలేదు. పొట్ట దగ్గర ఈక లాగగానే ఊడి వచ్చిందంటే ఇక ఆ ప్రాణిని పాతిపెట్టడమే. ధూళి పీల్చడం, చేయి కడగకుండా తినడం కూడా మంచిది కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పటిక డబ్బాను పైన పెట్టినంత మాత్రాన సరిపోదు, వెలిగారం డబ్బాకు తాళం ఉండాలి. అయినా పాతకాలపు మందుతో పోలిస్తే ఇది సాధువే. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో బెకేర్ కూర్చిన ఆర్సెనిక్ సబ్బు మ్యూజియం పక్షులను చాలాకాలం కాపాడింది. అందుకే పాత నమూనాలను ఇప్పటికీ వట్టి చేతులతో తాకరు.

మిగతావాటిని ఒక్క మాటలో తోసిపుచ్చవచ్చు. పసుపు రాస్తే రంగు అంటడం తప్ప ప్రయోజనం లేదు. సున్నం, బూడిద అసలే వద్దు; తోళ్ల కార్ఖానాల్లో వెంట్రుకలు ఊడగొట్టడానికే సున్నం వాడతారు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి పురుగును ఆపగలదు గాని కొవ్వు దగ్గర వెలిగారానికి సాటి రాదు. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం, అది ఇంట్లోకి రాకూడదు.

కనుక ఎంపిక ప్రాణిని బట్టి, మాసాన్ని బట్టి ఇలా పడుతుంది. పక్షిపిల్లలకు, ఎలుకలకు ఏ కాలంలోనైనా వెలిగారమే. కుందేలుకు మాత్రం మొదటి రాత్రి ఉప్పు కావాలి, దాని పెదవులు, పాదాలు, చెవుల మొదళ్లు వెలిగారం ఒక్కదానికి లొంగవు. అయితే మర్నాడు ఆ ఉప్పును చల్లని నీటితో రెండు మూడుసార్లు కడిగి, నీరు పిండి, ఆ తర్వాత వెలిగారం పట్టించాలి. పటిక ద్రావణాన్ని నిలబెట్టే బొమ్మకు కాక, కుందేలు తోలును పరుపులా పరిచి ఉంచుకోదలచినవారికి వదిలేస్తాను. పని మొదలుపెట్టడానికి ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా ఉన్న కాలం మంచిది. మే నెలలో ఇక్కడి ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో చర్మం గంటల్లో బిగుసుకుని ముక్కు, పెదవులు వంకరపోతాయి. వానల్లో అయితే వారమైనా ఆరదు.

లోపలి దేహం విషయంలోనూ ఈ తేమే తీర్పరి. గుంటూరు సీమలో పుట్టినవారికి దూది గుర్తుకురావడం సహజం, నేనూ మొదట దూదే కూరాను. కూరిన దూది ఒకచోట గడ్డకట్టి మరోచోట గుంటపడుతుంది, తీగను పట్టి ఉంచదు, తేమను మాత్రం పట్టి ఉంచుతుంది. ఎంత కూరితే చర్మం అంత సాగుతుంది కాబట్టి కోడిపిల్ల కాస్తా చిన్న బంతి అవుతుంది. వరిగడ్డిలో బూజు, పురుగు వెంట వస్తాయి. వీటికన్నా కొబ్బరి పీచును ఒకసారి నానబెట్టి కడిగి, బాగా ఎండబెట్టి, ఒలిచిన కళేబరాన్ని పక్కన పెట్టుకుని అదే కొలతకు గట్టిగా చుట్టి, పైన నూలుదారం బిగించడం ఎంతో మేలు. పీచు గరుకు కనబడకుండా పైపొరగా మాత్రం పలచగా దూది పరచవచ్చు. ఇంకా ఓపిక ఉన్నవారికి తెల్ల పొణికి కర్ర ఉంది. కొండపల్లి బొమ్మలకు వాడే ఆ తేలికైన కర్ర కత్తికి మెత్తగా లొంగుతుంది, తీగను బిగించి పట్టుకుంటుంది. ఆ బొమ్మల అతుకులకు వాడే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు కుందేలు తొడ కండరం దిద్దడానికి కూడా అచ్చంగా సరిపోతుంది. చర్మం తొడిగేముందు ఆ మక్కును పూర్తిగా ఆరనివ్వాలి, చింతగింజల పిండి పచ్చిగా ఉంటే బూజును ఆహ్వానించినట్టే. 1999లో మూతపడిన మైసూరు వాన్ ఇంజెన్ వారు పులులకు కాగితపు గుజ్జుతో అచ్చుదేహాలు చేసేవారు, కుందేలు ప్రమాణంలో అంత అచ్చు పని దండగ. థర్మోకోల్ చెక్కేవారు దానికి పెట్రోలు వాసన వచ్చే జిగురు తగలనీయకూడదు, అది కరిగి కూర్చుంటుంది, ఫెవికాల్ చాలు.

తీగ ఎంపికను కుందేలు ఇదివరకే చేసి పెట్టింది: బైండింగ్ తీగ బదులు జింకు పూత ఉన్న జీఐ తీగ, ఎలుకకూ కోడిపిల్లకూ రాగి తీగ. కళ్లకు నల్లపూసలు కోడిపిల్ల కంటికి సరిగ్గా సరిపోతాయి, కాకపోతే అవి కొత్తవి కొనుక్కోవాలి గాని ఇంట్లో అడగకూడదు.

ఆరుతున్న పది పదిహేను రోజులూ పీటను నీళ్లు పోసిన నాలుగు చిన్న గిన్నెల మీద నిలబెడతాను, వెలిగారం లోపలి చర్మాన్ని కాపాడుతుంది గాని చీమలు ముందు కంటి చుట్టూ, ముక్కు దగ్గరా మొదలుపెడతాయి. పూర్తయిన బొమ్మను వానలు తగ్గాక ఏటా ఒకసారి గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచితే, ఎక్కడైనా పురుగు గుడ్డు పెట్టి ఉన్నా చస్తుంది. సంచిని బయటికి తీసిన రోజంతా విప్పకూడదు, లేకపోతే చల్లని ఈకల మీద మన గాలిలోని తేమ అంతా వచ్చి వాలుతుంది.