ఒకే ఫైబరు తీగ మీద రెండు చిరునామాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

భీమవరానికి దగ్గరలో, మా రొయ్యల చెరువుల గట్టు మీదున్న షెడ్డుకు ఫైబరు కనెక్షన్ పెట్టించి నాలుగేళ్లు దాటింది. అర్ధరాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి కనుక, ఊళ్లో ఇంటి నుంచే ఫోనులో చెరువు కెమెరా చూసుకోవాలన్నదే దాన్ని పెట్టించడానికి అసలు కారణం. వేగం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ సమీక్ష అంతా చిరునామా గురించే, అంటే ఇంటర్నెట్టులో మన కనెక్షన్‌ను గుర్తించే ఐపీ అనే అంకెల గురించి.

మొదటి ఏడాది ఆ కెమెరా బయటి నుంచి ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు. బయటి నుంచి వచ్చే పిలుపును కెమెరా వైపు పంపేలా రౌటరులో పోర్టు ఫార్వర్డింగు పెట్టాను, కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె మార్చాను. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోను చేసినా రౌటరు ఆపి మళ్లీ వేయమన్న మాటే వినిపించింది. చివరికి ఒక మధ్యాహ్నం మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రౌటరు పేజీ తెరిస్తే, బయటి వైపు చిరునామా 100.72తో మొదలవుతోంది, మన ఐపీ ఎంతో చూపించే సైటులో మాత్రం వేరే అంకెలు కనిపించాయి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను 2012లో సర్వీసు ప్రొవైడర్ల లోపలి వాడకానికి ప్రత్యేకించారు. అంటే మా షెడ్డుకు సొంత డోరు నంబరే లేదు. బయటకు కనిపించే ఒక్క నంబరును ఎన్నో ఇళ్లతో కలిసి వాడుకుంటున్నాం. మేము అడిగినదానికి జవాబు వస్తుంది గాని, బయటివారు తమంతట తాము వచ్చి మా తలుపు తట్టే దారి లేదు.

ఇది ప్రొవైడరు చేసిన మోసమని కొంతకాలం అనుకున్నాను, అది సరికాదు. పాత పద్ధతి చిరునామా, అంటే ఐపీవీ4, 32 బిట్లది, కనుక మొత్తం కలిపినా సుమారు 429 కోట్లకు మించవు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వలోని చివరి బ్లాకులను పంచేశారు; ఆ ఏప్రిల్‌కే మన ఆసియా పసిఫిక్ ప్రాంతం కూడా రేషనులో పడింది. ఎగువ వారు తోడుకున్నాక శివారు భూములకు వంతులు పెట్టినట్టే, ఆలస్యంగా వచ్చిన మన కనెక్షన్లకు పంచుకునే చిరునామా మిగిలింది.

రెండో ఏడాది రౌటరు మార్చడానికి వచ్చిన కుర్రాడు, "ఐపీవీ6 కూడా వస్తోందండి, మీరే ఆన్ చేసుకోలేదు" అన్నాడు. ఐపీవీ6 అంటే కొత్త పద్ధతి చిరునామా. 128 బిట్ల ఆ కొత్త చిరునామాతో షెడ్డులో ఐపీవీ6 తెలిసిన ప్రతి పరికరానికీ సొంత నంబరు వచ్చింది. అయితే రౌటరులో కాపలా కాసే ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది, ఆపాలి కూడా. నేను ఒక్క పోర్టు, అంటే ఒక్క ద్వారం మాత్రమే తెరిచాను. మా డీవీఆర్‌కు ఐపీవీ4 అనే పాత భాషే వచ్చు, ఐపీవీ6 అనే కొత్త భాష దానితో నేరుగా మాట్లాడుకోలేదు. అందుకని మధ్యలో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటరు పెట్టి, బయటి నుంచి ఐపీవీ6 మీద వైర్‌గార్డ్ అనే రహస్య దారి సాఫ్ట్‌వేరుతో దాని దగ్గరకు వచ్చి, అక్కడి నుంచి ఐపీవీ4 మీద డీవీఆర్‌ను చేరుకునే ఏర్పాటు చేశాను. ఆ రాత్రి ఇంట్లో మంచం మీద కూర్చుని, మొబైల్ డేటాతో, లైటు వెలుగులో ఏరేటరు రెక్కలు నీళ్లు చిమ్మడం చూసినప్పుడు కలిగిన నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది.

లోపాలూ ఉన్నాయి. రౌటరు ఆగి మళ్లీ వచ్చినప్పుడల్లా చిరునామా ముందు భాగం మారిపోతుంది. మారిన చిరునామాను ఎప్పటికప్పుడు ఒకే పేరుకు జతచేసే డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకునేదాకా అది నన్ను చాలా బాధించింది. హైదరాబాదులో మా తమ్ముడి ఆఫీసులో ఐపీవీ4 ఒక్కటే ఉండడంతో వాడు ఆఫీసు వైఫై వదిలి ఫోను డేటాతోనే చెరువు చూస్తాడు. ఐపీవీ4ను ఆపేద్దామంటే కుదరదు, ఇప్పటికీ చాలా సైట్లు దాని మీదే ఉన్నాయి. పైగా ఆ పంచుకున్న నంబరు మీద ఎవరో చేసిన పనికి మనల్ని మనిషివేనా అని అడిగే బొమ్మల పరీక్షలు తరచూ ఎదురవుతాయి.

మారకుండా ఉండే సొంత చిరునామాకు, అంటే స్టాటిక్ ఐపీకి, నెలనెలా అదనంగా అడిగారు. నేను తీసుకోలేదు, ఆ అవసరమూ రాలేదు. కేవలం వీడియోలు చూసేవారికి ఈ తేడా తెలియనే తెలియదు. చెరువో, గోడౌనో దూరం నుంచి చూసుకోవలసినవారు మాత్రం కనెక్షన్ తీసుకునే ముందే ఐపీవీ6 ఇస్తారో లేదో అడిగి తెలుసుకోవాలి. ఈ పంటకు కొన్న కొత్త కెమెరా పెట్టె మీద మెగాపిక్సెళ్లు, రాత్రి చూపు అన్నీ అచ్చువేశారు గాని ఈ ఒక్క మాట లేదు. కొట్లోనే సెట్టింగుల పేజీ తెరిపించి, ఐపీవీ6 గడి కళ్లారా చూశాకే డబ్బు ఇచ్చాను.